మేత ఖాతాకు ఏ క్లౌడ్ డేటాబేస్? టెర్మినల్ నుంచి చూస్తే కనిపించే తేడాలు

భీమవరం రొయ్యల మేత డీలరుకో, కడియపులంక నర్సరీకో, అంబాజీపేట కొబ్బరి కొట్టుకో ఖాతాల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే ఒకరిద్దరు మనుషుల చిన్న షాపుల కోసం ఇది. పెద్ద కంపెనీల్లో డేటాబేస్ చూసుకోడానికి విడిగా మనిషి ఉంటాడు. మన దగ్గర ఆ మనిషీ మనమే, రాత్రిపూట ఫోన్ ఎత్తేదీ మనమే, బిల్లు వసూలుకు వెళ్లేదీ మనమే. అందుకే సొంతంగా సర్వర్ అద్దెకు తీసుకుని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం కన్నా, బ్యాకప్పులూ ప్యాచ్‌లూ వాళ్లే చూసుకునే మేనేజ్డ్ డేటాబేస్ మేలు. కొట్టులో కౌంటరు కింద పెట్టే కంప్యూటరు సంగతి అసలు ఎత్తొద్దు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. లంక గ్రామాల వైపు ఖాతాలు రాసే ఎవరికైనా ఆ ఒక్క ఏడాది చాలు. కాబట్టి క్లౌడ్ కావాలా వద్దా అన్నది ఇక్కడ చర్చ కాదు, ఎవరి క్లౌడ్ అన్నదే.

నెట్‌లో దొరికే పోలికలు ఎక్కువగా ఫీచర్ల పట్టికలు. ఎవరి వరుస చూసినా అన్ని గళ్లలోనూ టిక్కే ఉంటుంది. కమాండ్లు టైపు చేసే టెర్మినల్, అంటే కమాండ్ లైన్ దగ్గర కూర్చుంటే అసలు తేడా బయటపడుతుంది, అదీ క్రియేట్ కమాండ్ దగ్గర కాదు. డేటాబేస్‌ను పుట్టించడం అందరి దగ్గరా ఒక లైను పనే, కాస్త టీ తాగొచ్చేలోపు తయారవుతుంది. తర్వాత బయటి నుంచి కనెక్ట్ అవ్వడం, నిన్న మధ్యాహ్నం ఎలా ఉందో అలా వెనక్కి తేవడం, పని లేనప్పుడు ఆపడం, చివరికి తీసెయ్యడం, ఈ నాలుగు కమాండ్లు ఎలా నడుస్తాయో చూసి ఎంచుకోవాలని నా వాదన. క్రియేట్ ఒక్కసారి కొడతాం. మిగతావి కొట్టే రోజున అవతల డీలరు లైన్లో ఉంటాడు.

ముందు ఊరి సంగతి

"హైదరాబాదులో పెడదాం సార్, దగ్గర కదా" అని చాలామంది మొదలుపెడతారు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి రీజియన్లు, అంటే డేటా సెంటర్లున్న చోట్లు, ఉన్నాయి. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ. మైక్రోసాఫ్ట్ అజూర్ సెంట్రల్ ఇండియా అని పిలిచేది పుణె, సౌత్ ఇండియా అంటే చెన్నై. డిజిటల్ ఓషన్‌కు మనకు దగ్గర్లో ఉన్నది బెంగళూరు ఒక్కటే. మ్యాపు ముందేసుకుని కిలోమీటర్లు లెక్కపెట్టడంలో అర్థం లేదు. చెరువు గట్టు మీద నిలబడి ఫోన్లో మేత ఎంట్రీ కొట్టే కుర్రాడి ఫోన్ డేటాబేస్‌తో మాట్లాడదు, మీ యాప్ సర్వరుతో మాట్లాడుతుంది. అది ఒక్కసారి వెళ్లి ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్క స్క్రీన్ నింపడానికి యాప్ సర్వర్ మాత్రం డేటాబేస్ దగ్గరికి పదిసార్లో ఇరవైసార్లో తిరుగుతుంది. యాప్ బెంగళూరులో, డేటాబేస్ ముంబైలో ఉంటే ఆ ఇరవై ప్రయాణాల ఆలస్యం అంతా కలిసి కుర్రాడి మీద పడుతుంది. రెండూ ఒకేచోట ఉండాలి. ఆ చోటు ముంబై అయినా బెంగళూరైనా గట్టు మీద 4జీ సిగ్నల్ పెట్టే ఇబ్బంది ముందు లెక్కలోకి రాదు.

హైదరాబాదే కావాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. 2019 మార్చి తర్వాత వచ్చిన ఏడబ్ల్యూఎస్ రీజియన్లు మీ అకౌంటులో మొదట ఆఫ్‌లో ఉంటాయి, మీరే ఎనేబుల్ చేసుకోవాలి. చెయ్యకుండా కమాండ్ కొడితే టోకెన్ చెల్లదన్నట్టు ఎర్రర్ వస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని దాన్ని మార్చుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది. ముంబైలో దొరికే ఇన్‌స్టెన్స్ (అద్దెకిచ్చే ఒక డేటాబేస్ సర్వర్) రకాలన్నీ హైదరాబాదులో దొరక్కపోవచ్చు కూడా. డిస్క్రైబ్ ఆర్డరబుల్ డీబీ ఇన్‌స్టెన్స్ ఆప్షన్స్ అనే సబ్‌కమాండ్‌కు రీజియన్ పేరిచ్చి ముందే అడిగి చూసుకోండి.

ఆర్‌డీఎస్: వెబ్ కన్సోల్ ఒకటిస్తుంది, కమాండ్ ఇంకొకటిస్తుంది

ఏడబ్ల్యూఎస్ వాళ్ల మేనేజ్డ్ డేటాబేస్ ఆర్‌డీఎస్ వీటిలో పాతది, 2009 నుంచి ఉంది. క్రియేట్ డీబీ ఇన్‌స్టెన్స్ సబ్‌కమాండ్‌కు పేరు, ఇంజిన్, ఇన్‌స్టెన్స్ క్లాసు, డిస్కు, మాస్టర్ యూజర్ ఇస్తే చాలు, పుట్టేస్తుంది. ఇబ్బంది ఆ "చాలు" దగ్గరే. కన్సోల్లో నొక్కుకుంటూ పోతే ఏడు రోజుల బ్యాకప్పు ముందే పెట్టి ఉంటుంది. కమాండ్ లైన్లో బ్యాకప్ రిటెన్షన్ పీరియడ్ ఇవ్వకపోతే ఒక్క రోజే. శనివారం సాయంత్రం గుమాస్తా ఒక రైతు ఖాతా మొత్తం చెరిపేశాడనుకోండి. ఆ సంగతి సోమవారం పొద్దున బయటపడితే ఒక్క రోజు బ్యాకప్పుతో ఏమీ ఒరగదు. ముప్ఫై అయిదు రోజుల దాకా పెట్టుకోవచ్చు. మేత అప్పుల ఖాతాలకు కనీసం పద్నాలుగు పెట్టమంటాను.

అలాగే కన్సోల్ డేటాబేస్‌ను ప్రైవేటుగా ఉంచుతుంది. కమాండ్‌లో మీరు ఏమీ చెప్పకుండా, అకౌంటుతో వచ్చిన డిఫాల్ట్ వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్కు) లోనే పుట్టిస్తే ఇంటర్నెట్ నుంచి కనిపించే పబ్లిక్ అడ్రసుతో పుడుతుంది. నో పబ్లిక్లీ యాక్సెసిబుల్ అన్న ఫ్లాగును (కమాండుకు చేర్చే ఆప్షన్) విడిగా ఇవ్వాలి. డిలీషన్ ప్రొటెక్షన్ కూడా అడిగితేనే వస్తుంది. డిస్కు ఎన్‌క్రిప్షన్ పుట్టించేటప్పుడే పెట్టాలి. తర్వాత పెట్టాలంటే స్నాప్‌షాట్ (ఆ క్షణపు కాపీ) తీసి, దానికి ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ చేసి, ఆ కాపీ నుంచి కొత్త ఇన్‌స్టెన్స్ లేపాలి. ఇవన్నీ ఒక చిన్న షెల్ స్క్రిప్టులో రాసి పెట్టేసుకుంటే రెండో క్లయింటుకు మళ్లీ ఆలోచించక్కర్లేదు. కమాండ్ లైన్ పట్టుకోవడంలో ఉన్న అసలు లాభం అదే.

మాస్టర్ పాస్‌వర్డును కమాండులోనే టైపు చెయ్యకండి. బ్యాష్ హిస్టరీలో ఉండిపోతుంది, కొట్టులో ఇంకెవరైనా పై బాణం నొక్కితే కనిపిస్తుంది. మేనేజ్ మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్ అన్న ఫ్లాగ్ పెడితే ఏడబ్ల్యూఎస్సే పాస్‌వర్డ్ తయారుచేసి సీక్రెట్స్ మేనేజర్‌లో దాస్తుంది. దానికి నెలకు 0.40 డాలర్లు పడుతుంది. ఆ డబ్బుకు వెనకాడకండి.

ఇంకో అలవాటు చేసుకోవలసింది ఉంది. క్రియేట్ కమాండ్ వెంటనే జవాబిచ్చేస్తుంది, స్టేటస్ దగ్గర క్రియేటింగ్ అని ఉంటుంది, ఎండ్‌పాయింట్, అంటే కనెక్ట్ అయ్యే అడ్రసు, ఉండదు. స్క్రిప్టులో దాని కిందే వెయిట్ డీబీ ఇన్‌స్టెన్స్ అవైలబుల్ అన్న లైను పెట్టాలి. అది అరనిమిషానికోసారి అడుగుతూ, తయారయ్యాకే కిందికి వదులుతుంది. గూగుల్, అజూర్ కమాండ్లు పూర్తయ్యేదాకా వాటంతట అవే ఆగుతాయి. డిజిటల్ ఓషన్‌లో వెయిట్ అన్న ఫ్లాగ్ ఇస్తే ఆగుతుంది.

ఎక్కడికక్కడ పెరిగిపోయే బిల్లు ఆర్‌డీఎస్‌కు ఉన్న పెద్ద చెడ్డపేరు. పబ్లిక్ ఐపీవీ4 అడ్రసు ఉంటే 2024 ఫిబ్రవరి నుంచి గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు మూడున్నర డాలర్ల పైన. మల్టీ ఏజెడ్, అంటే వేరే డేటా సెంటర్లో ఇంకో కాపీ సిద్ధంగా ఉంచడం, పెట్టుకుంటే ఇన్‌స్టెన్సూ డిస్కూ రెండింతలు. అన్నిటికన్నా ఘోరం పాత వెర్షన్ల జరిమానా. ఒక మేజర్ వెర్షన్‌కు మామూలు సపోర్టు కాలం అయిపోయాక మీరు ఊరుకుంటే దాన్ని ఎక్స్‌టెండెడ్ సపోర్టులోకి నెట్టి, ఒక్కో వర్చువల్ సీపీయూకు గంటకింత అని అదనంగా వేస్తారు. పోస్ట్‌గ్రెస్ 11కు 2024 ఏప్రిల్ 1 నుంచి ఇది మొదలైంది. చిన్న ఇన్‌స్టెన్సుకు అసలు అద్దెను మించిపోతుంది. క్రియేట్ చేసేటప్పుడే ఇంజిన్ లైఫ్‌సైకిల్ సపోర్ట్ అన్నదాన్ని డిసేబుల్డ్ పెట్టేస్తే ఆ జరిమానా ఉండదు. గడువు దాటితే వాళ్లే కొత్త వెర్షన్‌కు ఎక్కిస్తారు. యాప్ పగిలే భయం ఉంటే ముందే మీరే ఎక్కించండి.

కనెక్షన్ దగ్గర గూగుల్ ముందుంది

మన ఊళ్లలో పని చేసే తీరు వేరు. ఇంట్లో ఫైబర్ ఉంటుంది, కరెంటు పోతుంది, రౌటర్ ఆగుతుంది, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారతాం, వచ్చాక మళ్లీ ఫైబర్. మారినప్పుడల్లా బయటికి కనిపించే ఐపీ అడ్రసు మారుతుంది. ఎవరిని లోపలికి రానివ్వాలో రాసే ఆర్‌డీఎస్ సెక్యూరిటీ గ్రూపులోనో, డిజిటల్ ఓషన్ ఫైర్‌వాల్లోనో "నా ఐపీ" అని రాసుకున్న రూలు సాయంత్రానికి పనికిరాకుండా పోతుంది. దానికి తోడు చిన్న ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి ఒకే పబ్లిక్ అడ్రసును పదుల ఇళ్లకు పంచుతారు. మీ ఐపీకి తలుపు తీశామనుకుంటాం గానీ, నిజానికి వీధి మొత్తానికి తీసినట్టే. విసుగొచ్చి చివరికి అన్ని సున్నాలూ రాసి ప్రపంచం మొత్తానికి తెరిచేసేవాళ్లనూ చూస్తున్నాం. పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు అలా తెరిచి ఉందో లేదో తట్టి చూసే బాట్లు ఇంటర్నెట్‌లో పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి.

గూగుల్ వాళ్ల మేనేజ్డ్ డేటాబేస్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌కు ఉన్న ఆథ్ ప్రాక్సీ ఈ తలనొప్పిని తీసేస్తుంది. అదొక చిన్న ప్రోగ్రాం. మీ ల్యాప్‌టాప్‌లో నడుపుతారు, అది మీ గూగుల్ అకౌంటుకున్న హక్కు చూసి, ఎన్‌క్రిప్ట్ చేసిన దారి వేస్తుంది. మీ పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే కమాండ్) మాత్రం లోకల్‌హోస్ట్‌కే, అంటే మీ ల్యాప్‌టాప్‌కే, కనెక్ట్ అవుతుంది. ఐపీ ఎన్నిసార్లు మారినా దానికి పట్టదు. క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌కు పబ్లిక్ అడ్రసు ఉన్నా, మీరు ఏ నెట్‌వర్కుకూ అనుమతి ఇవ్వనంతవరకు నేరుగా ఎవరూ లోపలికి రాలేరు. ప్రాక్సీ దారి ఒక్కటే. జీక్లౌడ్ ఎస్‌క్యూఎల్ కనెక్ట్ అని ఇంకో సులువు కమాండ్ ఉంది. అది మీ ప్రస్తుత ఐపీకి ఐదు నిమిషాలపాటు అనుమతిచ్చి లోపలికి పంపుతుంది. తొందర పనికి బాగుంటుంది.

ఆర్‌డీఎస్‌తో అదే భద్రత కావాలంటే డేటాబేస్‌ను ప్రైవేటుగా ఉంచి, యాప్ సర్వర్ మీదుగా ఎస్ఎస్‌హెచ్ సొరంగం (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) వేసుకోవాలి, లేదంటే సెషన్ మేనేజర్‌తో పోర్ట్ ఫార్వార్డింగ్ చెయ్యాలి. రెండూ కుదురుతాయి, కాకపోతే సెటప్ పని మనదే. డిజిటల్ ఓషన్ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ట్రస్టెడ్ సోర్సెస్ జాబితాలో ఒక్కటైనా చేర్చేవరకు, పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా ఎక్కడినుంచైనా రావచ్చు. క్రియేట్ అయిన వెంటనే వాళ్ల కమాండ్ పనిముట్టు డాక్‌టీఎల్‌తో డేటాబేసెస్ ఫైర్‌వాల్స్ అపెండ్ కొట్టి, మీ డ్రాప్‌లెట్‌ను (అక్కడి మీ యాప్ సర్వరును) మాత్రమే అందులో రాయండి. స్క్రిప్టులో క్రియేట్ తర్వాతి లైను ఇదే అయి ఉండాలి.

ఎర్రర్ చదవడం కూడా తెలిసి ఉండాలి. కనెక్షన్ టైమౌట్ అని చాలాసేపు వేలాడి వచ్చిందంటే ఫైర్‌వాల్ ఆపింది, పాస్‌వర్డుతో సంబంధం లేదు. పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ అని వెంటనే వస్తే దారి బాగానే ఉంది, తాళమే తప్పు. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే ఎక్కువగా పోర్టు నంబరు తప్పు. డిజిటల్ ఓషన్‌లో పోర్టు 5432 కాదు, 25060. పాత కాన్ఫిగ్ ఫైలు తెచ్చి పెట్టిన ప్రతివాళ్లూ అక్కడ ఒకసారి ఆగుతారు.

గూగుల్‌కూ ఒక మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్ 16, ఆ పైన వెర్షన్లు అడిగినప్పుడు ఎడిషన్ చెప్పకపోతే ఎంటర్‌ప్రైజ్ ప్లస్ అనే ఖరీదైన రకం అనుకుంటుంది. చిన్న ఎఫ్1 మైక్రో టైరు దానికి నప్పదు కాబట్టి కమాండ్ తిప్పికొడుతుంది. ఎడిషన్ ఎంటర్‌ప్రైజ్ అని విడిగా రాయాలి. ఎఫ్1 మైక్రో, జీ1 స్మాల్ రెండింటికీ గూగుల్ ఎస్ఎల్ఏ హామీ, అంటే ఆగకుండా నడుపుతామన్న రాతపూర్వక మాట, లేదని కూడా తెలుసుకుని తీసుకోండి. నడుస్తాయి, పడిపోతే అడిగే హక్కు ఉండదు.

వెనక్కి తేవడం

"నిన్న నాలుగింటికి ఎలా ఉందో అలా కావాలి" అన్న కోరికను అందరూ తీరుస్తారు. తీర్చే తీరులోనే తేడా. ఆర్‌డీఎస్, అజూర్, డిజిటల్ ఓషన్ మూడూ పాత డేటాబేస్‌ను ముట్టుకోవు, పక్కన కొత్తది లేపుతాయి. ఇది మంచిదే, పాతదాంట్లో ఏం పాడైందో తీరిగ్గా చూసుకోవచ్చు. అయితే కొత్తదానికి కొత్త అడ్రసు, యాప్‌కు ఆ సంగతి తెలీదు. ఆర్‌డీఎస్‌లో అయితే, మీరు విడిగా చెప్పకపోతే, కొత్త ఇన్‌స్టెన్సుకు డిఫాల్ట్ సెక్యూరిటీ గ్రూపే తగులుకుంటుంది. డేటా అంతా వచ్చేసినా యాప్ టైమౌట్ అవుతూ ఉంటుంది. రిస్టోర్ కమాండులోనే వీపీసీ సెక్యూరిటీ గ్రూప్ ఐడీ ఇవ్వాలి. అడ్రసుకు కూడా ఆర్‌డీఎస్‌లో మందుంది. పాతదానికి వేరే పేరు పెట్టి, కొత్తదానికి పాత పేరు పెడితే ఎండ్‌పాయింట్ పాతదే అవుతుంది. యాప్ కాన్ఫిగ్ ముట్టుకోనక్కర్లేదు. బ్యాకప్పు ఉన్న రోజుల్లో, ఇప్పటికి సుమారు అయిదు నిమిషాల ముందు దాకా, ఏ క్షణానికైనా వెనక్కి వెళ్లొచ్చు.

గూగుల్‌లో రెండు దారులున్నాయి. రోజువారీ బ్యాకప్పును అదే ఇన్‌స్టెన్సు మీదికి దింపొచ్చు, అప్పుడు ఉన్నది మొత్తం పోయి పాతది వస్తుంది. ఫలానా క్షణానికి కావాలంటే క్లోన్ చెయ్యాలి, అది కొత్త ఇన్‌స్టెన్స్. ఒత్తిడిలో ఉన్నప్పుడు మొదటిది కొట్టేసి, పొద్దుట్నించి కొట్టిన ఎంట్రీలన్నీ పోగొట్టుకోవడం తేలిక. క్లోన్ అలవాటే చేసుకోండి. డిజిటల్ ఓషన్‌లో ఫోర్క్ అన్న సబ్‌కమాండ్‌కు పాత క్లస్టర్ (వాళ్ల మాటల్లో డేటాబేస్) ఐడీ, టైమ్‌స్టాంపు ఇస్తే ఏడు రోజుల లోపు ఎక్కడికైనా తెస్తుంది. ఆ ఏడును పెంచుకునే వీల్లేదు. అజూర్‌లో ఏడు నుంచి ముప్ఫై అయిదు.

టైమ్‌స్టాంపు అన్నాను కాబట్టి, మన డెల్టాలో ఈ సాఫ్ట్‌వేర్ రాసే ప్రతివాళ్లకూ తగిలే రాయి ఒకటుంది. ఈ మేనేజ్డ్ డేటాబేసులన్నీ యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, పుడతాయి. యూటీసీలో తారీఖు మారేది మనకు ఉదయం అయిదున్నరకు. వనామీ రొయ్యల పట్టుబడి ఎండెక్కకముందే, చీకటితోనే మొదలవుతుంది. వలలో పడ్డ రొయ్యలను క్రేట్లలో ఐసు వేసి సర్దుతూ, కిలోకు ఎన్ని తూగుతున్నాయో కౌంటు చూసి, నాలుగున్నరకు గుమాస్తా ఫోన్లో మొదటి తూకం కొడతాడు. ఆరింటికి ఆఖరి తూకం. డేటాబేస్‌లో తారీఖును కరెంట్ డేట్‌తో వేసుకుంటే ఒకే చెరువు పట్టుబడి రెండు తారీఖుల కింద చీలిపోతుంది. ఆ రోజు కౌంటు రేటు మారి ఉంటే డబ్బు లెక్కే తేడా వస్తుంది. ఆర్‌డీఎస్‌లో సెట్టింగులుండే డిఫాల్ట్ పారామీటర్ గ్రూపును మార్చనివ్వరు, కొత్తది పుట్టించి తగిలించాలి. అంత పని లేకుండా, ఆల్టర్ డేటాబేస్ అని మీ డేటాబేస్ పేరు ఇచ్చి సెట్ టైమ్‌జోన్ ఏసియా కోల్‌కతా అని పీఎస్‌క్యూఎల్‌లో ఒక్క లైను కొడితే అన్నిచోట్లా పనిచేస్తుంది. కాలమ్ రకం మాత్రం టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంపే పెట్టండి. రిస్టోర్ కమాండ్లలో ఇచ్చే సమయం మాత్రం యూటీసీలోనే ఇవ్వండి. అక్కడ అయిదున్నర గంటలు తీసెయ్యడం మర్చిపోతే కావలసినదానికి అయిదున్నర గంటల తర్వాతి సమయాన్ని అడిగినట్టవుతుంది.

ఆపడం, ఆపలేకపోవడం

పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగడతారు కదా, ఆ నెల డేటాబేస్ ఆపేస్తే డబ్బులు మిగులుతాయి కదా అని అడుగుతారు. చెరువు ఎండగట్టినా ఖాతా ఎండదు. పట్టుబడి అయ్యాకే డీలరు అప్పులు తేల్చుకునేది, అప్పుడే ఆ స్క్రీన్లు ఎక్కువ చూస్తాడు. కాబట్టి ఆపడం అన్న సదుపాయం క్లయింటు డేటాబేస్‌కు పనికిరాదు, మన టెస్ట్ డేటాబేస్‌కే పనికొస్తుంది.

దానికైనా ఎవరి నియమం వారిది. ఆర్‌డీఎస్, అజూర్ రెండూ ఏడు రోజులు ఆగి, వాటంతట అవే లేస్తాయి. ఆపేశాం కదా అని పండక్కి ఊరెళ్తే బిల్లు మళ్లీ తిరగడం మొదలవుతుంది. గూగుల్‌లో యాక్టివేషన్ పాలసీని నెవర్ అని ప్యాచ్ చేస్తే మళ్లీ మీరు లేపేదాకా లేవదు. డిస్కుకూ, ఖాళీగా ఉన్న ఐపీకీ మాత్రం పడుతూనే ఉంటుంది. డిజిటల్ ఓషన్‌లో ఆపడం అనేదే లేదు. ఉంటే బిల్లు, లేకపోతే లేదు. తీసేస్తే బ్యాకప్పులు కూడా దాంతోపాటే పోతాయి. ఆర్‌డీఎస్ డిలీట్ కమాండ్ ఇక్కడ కాస్త మొండిది, ఫైనల్ స్నాప్‌షాట్‌కు పేరైనా ఇవ్వమంటుంది, స్కిప్ అనైనా చెప్పమంటుంది. ఆ మొండితనం నాకిష్టం. రోజూ తీసుకున్న ఆటోమేటెడ్ బ్యాకప్పులు మాత్రం, ఉంచమని చెప్పకపోతే, ఇన్‌స్టెన్సుతోనే పోతాయి.

టెస్టుకూ డెమోకూ నియాన్ లాంటి సర్వర్‌లెస్ పోస్ట్‌గ్రెస్ బాగుంటుంది. అయిదు నిమిషాలు ఎవరూ అడగకపోతే తనే నిద్రపోతుంది, అడగ్గానే లేస్తుంది. దానికి కమాండ్ లైన్ పనిముట్టు ఉంది, సింగపూర్‌లో రీజియన్ ఉంది. కాకినాడలో ఫైనలియర్ ప్రాజెక్టు చేసే పిల్లలకు అదే చెబుతాను. సూపాబేస్‌కు ముంబై ఉంది గానీ ఉచిత ప్రాజెక్టు వారం రోజులు కదలకపోతే ఆపేస్తారు, డేటాబేస్ 500 ఎంబీ దాటకూడదు. వైవా రోజున తెరిచి చూస్తే పడుకుని ఉంటుంది, ముందురోజే లేపి పెట్టుకోవాలి.

డబ్బు ఎవరు కడతారు, ఎలా కడతారు

మేత డీలరు అడిగేది ఒక్కటే. "నెలకెంతండీ? ఆ ఒక్క అంకె చెప్పెయ్యండి, మిగతాది మీ ఇష్టం." దీనికి సూటిగా జవాబు చెప్పగలిగేది డిజిటల్ ఓషన్ ఒక్కటే. ఒక జీబీ మెమరీ, పది జీబీ డిస్కు ఉన్న చిన్న పోస్ట్‌గ్రెస్ నెలకు సుమారు 15 డాలర్లు. బ్యాకప్పూ అందులోనే. మిగతావాళ్ల దగ్గర చిన్న ఇన్‌స్టెన్స్ అద్దె దీనికన్నా తక్కువ కనిపించినా, డిస్కు, బ్యాకప్పు, ఐపీ, సీక్రెట్ అని కలుపుకుంటూ పోతే అంకె నెలనెలా కదులుతుంది. కాకపోతే డిజిటల్ ఓషన్ బిల్లు డాలర్లలో వస్తుంది, విదేశీ చెల్లింపులు చేయగల కార్డు కావాలి. ఏడబ్ల్యూఎస్ ఇండియా రూపాయల్లో, పద్దెనిమిది శాతం జీఎస్టీతో ఇన్‌వాయిస్ ఇస్తుంది. అకౌంటు డీలరు పేరనే తెరిపిస్తే మన మీద భారం ఉండదు. మేతకు జీఎస్టీ లేదు కాబట్టి, మేత మాత్రమే అమ్మే డీలరుకు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాదు. కార్డు ఎవరిదైనా, రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ప్రతి నెలా వాటంతట అవే కోసుకునే చెల్లింపులకు ఓటీపీ లేకుండా 15,000 రూపాయలు పరిమితి. చిన్న డేటాబేసులకు అది చాలు.

ఆ 15 డాలర్ల డిజిటల్ ఓషన్ ప్లానులో తక్కువేమిటంటే కనెక్షన్లు. యాప్‌కు మిగిలేవి ఇరవై రెండే. పీహెచ్‌పీతోనో నోడ్‌తోనో రాసిన యాప్ ఒక్కో రిక్వెస్టుకు ఒక్కో కనెక్షన్ తెరిస్తే, పొద్దున మేత ఎంట్రీలు కొట్టే వేళకు నిండిపోతాయి. కనెక్షన్ పూల్ పెట్టుకోవాలి. లాకుల దగ్గర పడవలన్నీ వరసలో ఆగి కొన్ని కొన్నిగా కిందికి దిగినట్టు, యాప్ నుంచి వందమంది వచ్చినా డేటాబేస్ వైపు పదిహేనుమందినే పంపుతుంది. డాక్‌టీఎల్‌లో పూల్ క్రియేట్ సబ్‌కమాండ్ ఉంది, పోర్టు 25061 అవుతుంది, అంతే.

అజూర్ గురించి తక్కువే చెబుతాను. క్లయింటు ఇప్పటికే మైక్రోసాఫ్ట్ లైసెన్సుల్లో మునిగి ఉంటే తప్ప మన సైజు పనికి ప్రత్యేకంగా వెళ్లవలసిన కారణం కనపడలేదు. అజూర్ కమాండ్ పనిముట్టు పేరు ఏజెడ్. అందులోని పోస్ట్‌గ్రెస్ ఫ్లెక్సిబుల్ సర్వర్ క్రియేట్ కమాండ్ మర్యాదస్థురాలు, పేరివ్వకపోతే తనే పెట్టుకుంటుంది, మీ ఐపీకి తలుపు తియ్యమంటారా అని అడుగుతుంది. సైజు చెప్పకపోతే మాత్రం చౌకైన బర్స్టబుల్ కాకుండా జనరల్ పర్పస్ తీసుకుంటుంది, నెలాఖరుకు బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. టైర్ బర్స్టబుల్, బీ1ఎంఎస్ అని రాయండి. ఆ రకంలో హై అవైలబిలిటీ పెట్టుకోనివ్వరు. కొత్త అకౌంటుకు ఏడాది పాటు నెలకు 750 గంటలు ఉచితం, నేర్చుకోడానికి అది మంచి సదుపాయమే.

ఎవరికి ఏది

ఒక డీలరు, ఒక గుమాస్తా, చుట్టుపక్కల రైతుల ఖాతాలు ఉన్నచోట యాప్ సర్వరుతో సహా బెంగళూరు డిజిటల్ ఓషన్ పెట్టి వదిలేస్తాను. నెలకో అంకె, తక్కువ కమాండ్లు, చీకూచింతా ఉండదు. బ్యాకప్ ఏడు రోజులే కాబట్టి, వారానికోసారి పీజీ డంప్‌తో డేటా మొత్తం ఫైలుగా తీసి వేరే చోట దాచే క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని) ఒకటి తప్పనిసరి.

నర్సరీల సంగతి వేరు. వానలు పడి మొక్కలు నాటే రోజుల్లో లారీ ఆర్డర్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, మిగతా నెలల్లో అంత ఒత్తిడి ఉండదు. అలాంటి చోట ఇన్‌స్టెన్స్ సైజు పెంచి తగ్గించుకోవడం ముఖ్యం. ఆర్‌డీఎస్‌లోనూ గూగుల్‌లోనూ ఒక్క కమాండుతో కొద్ది నిమిషాల ఆగుడుతో అయిపోతుంది. డిస్కును మాత్రం పెంచినంత తేలిగ్గా తగ్గించలేరు. ఇరవై జీబీ చాలినచోట వంద అడగొద్దు. మనవాళ్ల ఖాతాలు తెలుగులో రాసినా, ఒక్కో అక్షరానికి మూడు బైట్లో అంతకన్నా ఎక్కువో పట్టినా, ఏళ్ల తరబడి ఎంట్రీలు కొన్ని జీబీలు దాటవు.

ఇద్దరు ముగ్గురు కలిసి వేర్వేరు ఊళ్ల నుంచి, ఒకరు పాలకొల్లు, ఒకరు అమలాపురం, ఇంకొకరు హైదరాబాదు హాస్టల్ నుంచి డేటాబేస్‌లోకి వెళ్లి పని చేసే టీము అయితే గూగుల్. ప్రాక్సీ ఒక్కటే కారణం చాలు. మనిషి వెళ్లిపోతే ఆయన గూగుల్ అకౌంటుకిచ్చిన హక్కు ఒక్కటి తీసేస్తే, డేటాబేస్ పాస్‌వర్డ్ ఆయనకు గుర్తున్నా దారి ఉండదు.

ఎగుమతి కంపెనీకి, ఏ లాటు రొయ్య ఏ చెరువు నుంచి వచ్చిందో విదేశీ కొనుగోలుదారు అడిగినప్పుడు చూపించవలసిన రికార్డులకు, ఆర్‌డీఎస్ ముంబై, మల్టీ ఏజెడ్, ముప్ఫై అయిదు రోజుల బ్యాకప్. ఖర్చు రెట్టింపని వాళ్లు సణగొచ్చు. ఒక కంటైనర్ కాగితాలు చూపించలేక ఆగితే పోయేదానితో పోల్చి చెప్పండి, ఒప్పుకుంటారు.

ఏది తీసుకున్నా తర్వాత మారడం సాధ్యమే, అందరిదీ అదే పోస్ట్‌గ్రెస్ కాబట్టి. పీజీ డంప్‌తో తీసి, పీజీ రిస్టోర్‌తో దింపడమే. దానికి ముందు మీ ల్యాప్‌టాప్‌లో పీజీ డంప్ వెర్షన్ చూడండి. ఉబుంటు 22.04తో వచ్చేది 14. సర్వర్ 16 అయితే వెర్షన్ కలవలేదని చెప్పి మొదటి లైనులోనే ఆగిపోతుంది. సర్వర్ కన్నా పాత పీజీ డంప్ పనికిరాదు, సమానమైనా కొత్తదైనా ఉండాలి. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత రిపాజిటరీని చేర్చుకుని, సర్వర్‌తో సమానమైన క్లయింట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి. వారం వారం నడిచే క్రాన్‌లో కూడా ఆ కొత్త పీజీ డంప్ పూర్తి దారినే రాయండి. లేకపోతే క్రాన్ పాతదాన్నే పట్టుకోవచ్చు, అప్పుడు డంప్ ఫైలు సున్నా బైట్లతో తయారవుతూ ఉంటుంది.